పర్సంటేజీ ఎంత అని కాదు, దేని మీద అని ముందు అడగండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది చిన్న పట్టణంలో 600 సీట్ల సింగిల్ స్క్రీన్, నాన్నగారి తర్వాత మీరు చూసుకుంటున్నారు. వచ్చే నెల ఒక పెద్ద సినిమా ఉంది. డిస్ట్రిబ్యూటర్ 5 లక్షల అడ్వాన్స్ అడిగారు. మొదటి వారం అద్దె ఇస్తామని, రెండో వారం నుంచి పర్సంటేజీ అని చెప్పారు. దాంతోపాటు తన దగ్గరున్న ఒక చిన్న సినిమాను కూడా వారం రోజులు వేయమన్నారు. కాగితం మాట ఎత్తితే "మన మధ్య కాగితాలెందుకు" అన్నారు. ఇది న్యాయమైన బేరమేనా, ఏం రాయించుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఈ పనిలో 26 ఏళ్లుగా ఉన్నాను. డిస్ట్రిబ్యూటర్ తరఫున రిప్రజెంటేటివ్‌గా మొదలుపెట్టి ఊరూరా థియేటర్ల గేటు దగ్గర నిలబడి టికెట్లు లెక్కపెట్టాను. తర్వాత ఒక ఆఫీసులో బుకింగ్ చూశాను. ఇప్పుడు 12 ఏళ్లుగా రెండు థియేటర్లు లీజుకు తీసుకుని నడుపుతున్నాను. బల్లకు అటూ ఇటూ కూర్చున్నాను కాబట్టి ఇద్దరి బాధా తెలుసు.

మీకు చెప్పిన షరతుల్లో అడ్వాన్స్ తప్పు కాదు. పెద్ద సినిమాకు మొదటి వారం డిస్ట్రిబ్యూటర్ ఎక్కువ అడగడమూ తప్పు కాదు, ఆయన కూడా కోట్లు పెట్టి ఏరియా పంపిణీ హక్కులు కొన్నవాడే. నాకు అభ్యంతరం ఉన్నది ఒక్కచోట: హాలు నిండే వారానికి అద్దె, హాలు ఖాళీ అయ్యే వారాలకు వాటా. అద్దె అంటే మీకు ఖాయంగా ఇంత అని ఇచ్చి వసూలంతా ఆయన తీసుకుంటారు, కాబట్టి సినిమా నష్టమంతా డిస్ట్రిబ్యూటర్‌ది, లాభం కూడా ఆయనదే. పర్సంటేజీ అంటే వసూలు పంచుకుంటారు, కాబట్టి రెండూ ఇద్దరివీ. విడివిడిగా చూస్తే రెండూ నిజాయితీ గల పద్ధతులే. లాభం వచ్చేటప్పుడు ఒక పద్ధతి, పోయేటప్పుడు ఇంకో పద్ధతి అంటేనే అన్యాయం. 2025 మేలో రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు పర్సంటేజీ ఇవ్వకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామన్నారు. తర్వాత ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నా, ఆ గొడవకు మూలం ఇదే.

లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నేను అనుకున్నవి, మీవి మీరు వేసుకోండి. రోజుకు 4 షోలు, వారానికి 28. మొత్తం 16,800 సీట్లు. జీఎస్టీ కాకుండా టికెట్ 100 రూపాయలు. మొదటి వారం 60 శాతం నిండితే 10,080 టికెట్లు, అంటే 10,08,000 రూపాయలు. రెండో వారం 15 శాతం, 2,52,000. మూడో వారం 10 శాతం, 1,68,000. కరెంటు, జీతాలు, ప్రొజెక్టర్, శుభ్రత అన్నీ కలిపి మీ వారం ఖర్చు 1,20,000 అనుకుందాం. వారం అద్దె 1,50,000.

మీకు చెప్పిన పద్ధతిలో మొదటి వారం అద్దె 1,50,000 వస్తుంది. తర్వాతి రెండు వారాలు సగం సగం అంటే 1,26,000, 84,000. మూడు వారాలకు కలిపి 3,60,000. మీ ఖర్చు కూడా సరిగ్గా 3,60,000. పెద్ద సినిమా ఆడింది, ఊరంతా చూసింది, టికెట్ మీద మీకు మిగిలింది సున్నా. అదే మూడు వారాలూ అద్దె ఇస్తే 4,50,000 వచ్చేది. మూడు వారాలూ పర్సంటేజీ పెట్టి, మొదటి వారం ఆయనకు ఏకంగా 70, రెండో వారం 60, మూడో వారం 50 ఇచ్చినా మీకు 3,02,400, 1,00,800, 84,000 చొప్పున 4,87,200 వస్తుంది. అందుకే "సగం ఇస్తేనే ఒప్పుకుంటా" అని పట్టుబట్టకండి. మొదటి వారం ఆయనకు ఎక్కువే ఇవ్వండి. సినిమా తెరమీద ఉన్నన్ని రోజులూ ఒకే పద్ధతి ఉండాలని మాత్రం గట్టిగా పట్టుబట్టండి.

వారం వారం తగ్గే ఈ మెట్ల పద్ధతి కొత్తదేమీ కాదు. 2009లో హిందీ నిర్మాతలకూ మల్టీప్లెక్సులకూ రెండు నెలలు గొడవ జరిగి కొత్త సినిమాలు ఆగిపోయినప్పుడు చివరికి కుదిరింది ఇదే. నిర్మాత వైపు వాటా మొదటి వారం 50, తర్వాత 42.5, 37.5, 30 శాతం. నాకు ఈ పద్ధతి నచ్చడానికి కారణం ఒకటుంది. వారాలు గడిచేకొద్దీ థియేటర్ వాటా పెరుగుతుంది కాబట్టి సినిమాను నిలబెట్టాలన్న కోరిక థియేటర్‌కే పుడుతుంది. పోస్టర్ మారుస్తాడు, ఏసీ సరిగ్గా వేస్తాడు, రెండో వారంలో సౌండ్ తగ్గించడు.

అయితే పర్సంటేజీలో మీకూ గండం ఉంది, అది దాచకూడదు. సినిమా పోయి మొదటి వారం 20 శాతమే నిండితే కలెక్షన్ 3,36,000. అందులో మీ 30 శాతం 1,00,800. ఖర్చు కూడా రాదు. అందుకే "ఏ వారమైనా థియేటర్ వాటా ఇంతకు తగ్గదు" అని హౌస్ ఖర్చుకు, అంటే థియేటర్ నడపడానికి అయ్యే వారం ఖర్చుకు దగ్గరగా ఒక కనీస మొత్తం రాయించుకోండి. దానికి ఒప్పుకోకపోతే పూర్తి అద్దె మీదే వెళ్లండి. చిన్న ఊళ్లో సింగిల్ స్క్రీన్‌కు అద్దెలో నిద్ర పడుతుంది, అది తక్కువ విషయం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు అడిగిన ప్రశ్నలో లేదు కానీ, నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి. 70 శాతం సరే, దేని మీద 70? గ్రాస్ మీదా, నెట్ మీదా? నెట్ అంటే ఏమేం తీసేశాక? పై లెక్కలో ప్రేక్షకుడు కట్టేది 105 రూపాయలు, అందులో 5 జీఎస్టీ. ఆ 5 మీదీ కాదు, ఆయనదీ కాదు, ప్రభుత్వానిది. కానీ కాగితంలో "గ్రాస్ మీద" అని ఉంటే మొదటి వారంలోనే 50,400 పన్ను మీద కూడా 70 శాతం, అంటే 35,280 మీ జేబులోంచి కడతారు. అలాగే టికెట్‌లో మెయింటెనెన్స్ చార్జీ కింద 5 రూపాయలు ఉందనుకోండి. అది వాటాకు ముందే తీసేస్తారని రాయకపోతే ఇంకో 35,280. రెండు చిన్న మాటల మీద వారానికి 70,560. రెండు శాతం కోసం గంట బేరమాడి, ఈ రెండు మాటలు వదిలేసి లేచిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

రేటు పెంపు గురించి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పెద్ద సినిమాలకు ప్రభుత్వం జీవో ఇచ్చి కొన్ని రోజులు రేటు పెంచుకోనిస్తుంది, అదనపు షోలకూ అనుమతిస్తుంది. అద్దె పద్ధతిలో ఆ పెంపులో మీకు పైసా రాదు. కానీ అదనపు షోకు కరెంటు మీదే, తెల్లవారుజామున వచ్చే జనాన్ని అదుపు చేసే మనుషులకు ఇచ్చేదీ మీరే, కుర్చీలు విరిగితే బాగు చేయించుకునేదీ మీరే. కాబట్టి అదనపు షోకు అదనపు అద్దె అని రాయండి. ఇంకో సంగతి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల వరకు టికెట్‌కు జీఎస్టీ 5 శాతం, 100 దాటితే 18 శాతం. 100 టికెట్‌ను 110 చేస్తే ప్రేక్షకుడు కట్టేది 105 నుంచి 129.80కి పోతుంది. మీ ఇద్దరికీ కలిపి పెరిగేది 10 రూపాయలు, అతనికి పెరిగేది దాదాపు 25. చిన్న ఊళ్లో ఈ తేడా రెండో వారం జనాన్ని తగ్గిస్తుంది. రేటు ఎంత పెట్టాలో ఇద్దరూ కలిసి నిర్ణయించేలా ఒప్పందం ఉండాలి.

ఇక అడ్వాన్స్. ఈ మాటకు మన దగ్గర మూడు అర్థాలున్నాయి, ఫోన్లో మూడూ ఒకేలా వినిపిస్తాయి. మామూలు అడ్వాన్స్ అంటే ఆయన వాటాలోంచి ముందు మీరు రాబట్టుకుంటారు, మిగిలితే ఆయన తిరిగిస్తారు. ఎన్‌ఆర్‌ఏ (నాన్ రిఫండబుల్ అడ్వాన్స్) అంటే తిరిగి రాదు. ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) అంటే సినిమా ఆడినా ఆడకపోయినా ఇంత వాటా వస్తుందని మీరే హామీ ఇస్తున్నారు. మీ 5 లక్షలు ఏ రకమో కాగితంలో ఉండాలి. పైగా మొదటి వారం అద్దె అంటూ మీ దగ్గరే అడ్వాన్స్ తీసుకోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అద్దె పద్ధతిలో మొదటి వారం వసూలు ఆయనది, మీకు రావలసింది అద్దె. అలాంటప్పుడు ఆ అడ్వాన్స్ దేనికి హామీ అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే బేరం ఎటు పోతుందో మీకు తెలిసిపోతుంది.

అడ్వాన్స్ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెబుతాను. లీజు తీసుకున్న మూడో ఏడు ఒక డిస్ట్రిబ్యూటర్‌కు అడ్వాన్స్ ఇచ్చాను. సినిమా పోయింది, లక్షా 80 వేలు రాబట్టలేకపోయాను. "తర్వాతి సినిమాలో సర్దుకుందాం" అన్నారు. తర్వాతి సినిమాకు మళ్లీ కొత్త అడ్వాన్స్ అడిగారు, పాతది అలాగే ఉంది. ఆ తర్వాత ఇంకోటి. మూడు సినిమాలయ్యాక పాత బాకీ గుర్తు చేస్తే, మంచి డేట్ వేరే థియేటర్‌కు వెళ్లిపోయింది. డబ్బు కన్నా ఆ పండగ డేట్ పోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ దెబ్బతో ఏ సినిమా లెక్క ఆ సినిమాకే ముగించడం మొదలుపెట్టాను. సినిమా దిగిన రోజు నుంచి 15 రోజుల్లో లెక్క తేలాలి, మిగిలిన అడ్వాన్స్ బ్యాంకు ద్వారా తిరిగి రావాలి, ఒక సినిమా బాకీ ఇంకో సినిమాలో కలపకూడదు. ఈ వాక్యం నా ప్రతి కాగితంలో ఉంటుంది.

ఇప్పటికే ఎవరి దగ్గరైనా మీ అడ్వాన్స్ ఇరుక్కుని ఉంటే, ఏడాదికోసారి "మీ దగ్గర మా బ్యాలెన్స్ ఇంత" అని రాసి ఆయన సంతకం తీసుకోండి. ఇలాంటి బాకీ కోసం కోర్టుకు వెళ్లే గడువు మామూలుగా మూడేళ్లు. ఆ గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ రాతలో సంతకం చేస్తే, అక్కడి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. మొహమాటంతో మూడేళ్లు దాటిపోయి డబ్బు వదులుకున్న పెద్దమనుషులు నాకు తెలుసు. అలాగే మీ థియేటర్‌ను కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదు చేయించండి. మీకు రావలసిన అద్దె ఆగిపోతే ఎంఎస్ఎంఈ చట్టం పనికొస్తుంది. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే వడ్డీ పడుతుంది. మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడండి.

చిన్న సినిమా అంటగట్టడం గురించి. ఇది వందేళ్ల నాటి రోగం. అమెరికాలో పెద్ద స్టూడియోలు సినిమాలను కట్టగా కట్టి అమ్మేవి, చూడకుండానే కొనిపించేవి. 1948లో పారామౌంట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. మన దగ్గర 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్‌లో, ఒకటి కావాలంటే ఇంకోటి కొనాలనే ఒప్పందాల ప్రస్తావన ఉంది. మార్కెట్లో పోటీని దెబ్బతీస్తే అవి చెల్లవు. అయితే ఒక చిన్న సినిమా కోసం ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ దాకా వెళ్లమని నేను చెప్పను. చిన్న సినిమా వేయడం కూడా మన ధర్మమే, దానికి తెర దొరకకపోతే రేపటి దర్శకుడు ఎక్కడి నుంచి వస్తాడు? వేయండి, కానీ వేరే కాగితం మీద, వేరే లెక్కతో, మీకు ఖాళీ ఉన్న వారంలో, హౌస్ ఖర్చు మీకు వచ్చేలా. పెద్ద సినిమా వాటాలోంచి చిన్న సినిమా లోటు పూడ్చుకునే దారి మాత్రం ఇవ్వకండి.

ఇదే చట్టం మన వైపుకూ తిరుగుతుందని చాలామంది మర్చిపోతారు. "మన సంఘమంతా కలిసి ఇంతకు తక్కువైతే సినిమా వేయొద్దని తీర్మానం చేద్దాం" అనే మాట నేను మీటింగుల్లో వింటుంటాను. 2009 గొడవలో నిర్మాతలు కలిసికట్టుగా సినిమాలు ఆపినందుకు, 2011లో కాంపిటీషన్ కమిషన్ 27 మందికి ఒక్కొక్కరికి లక్ష రూపాయల జరిమానా వేసింది. థియేటర్ల సంఘానికైనా అదే న్యాయం. సంఘం మంచి నమూనా అగ్రిమెంట్ తయారు చేయొచ్చు, తగాదా వస్తే మధ్యలో కూర్చోవచ్చు. రేటు కట్టడి చేసి ఎదురు చెప్పినవాడిని వెలివేయడం కుదరదు.

మీ ఊళ్లో ఇంకో థియేటర్ ఉందా? మీరు చెప్పలేదు. ఉంటే ఇది తప్పకుండా అడగాలి. ఒకప్పుడు ఊరికి ఒక థియేటర్‌లో పడి 50 రోజులు ఆడేది. ఇప్పుడు మొదటి రోజే ఊళ్లో అన్ని హాళ్లలో ఒకటే సినిమా. మీరు ఒక్కరే వేస్తున్నారనుకుని 5 లక్షలు ఇచ్చి, బుధవారం సాయంత్రం రెండో థియేటర్‌కు కూడా ఇచ్చారని తెలిస్తే మీ లెక్క తలకిందులవుతుంది. ఊళ్లో ఎన్ని తెరలో రాయించండి. పెంచితే అడ్వాన్స్ ఆ మేరకు తగ్గాలి.

సినిమా తీసేయడం మీద కూడా ముందే మాట ఉండాలి. ఎంత వసూలైతే సినిమాను కొనసాగించాలన్న షరతును హోల్డోవర్ అంటాం. శుక్ర, శని, ఆదివారాల నెట్ ఇంత దాటితే వచ్చే శుక్రవారం కూడా కొనసాగించాలి, దాటకపోతే మార్చుకునే హక్కు మీది, ఏ సంగతీ సోమవారం సాయంత్రానికల్లా తేలాలి. ఈ అంకె లేకపోతే ఆడుతున్న సినిమాను మీరు తీసేశారని ఆయనకు బాధ, ఆడని సినిమాతో మీ పండగ వారం ఆయన పాడుచేశారని మీకు బాధ. ఓటీటీలో ఎన్ని వారాలకు వస్తుందో కూడా అడగండి. నాలుగో వారానికే ఇంట్లో టీవీలో వచ్చేస్తే మూడో వారం హాల్లో ఎవరుంటారు?

డిజిటల్ సర్వీసు వాళ్లకు కట్టే వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీజు) ఎవరిదో ఒక్క వాక్యంలో రాయండి. 2018 మార్చిలో దక్షిణాదిలో థియేటర్లు మూతపడింది దాని మీదే. ఏళ్ల తరబడి నలిగిన విషయం కాబట్టి మీ వాటాలోంచి చెప్పకుండా కోసే అవకాశం ఉండకూడదు. సినిమా ఫైలు తెరిచే డిజిటల్ కీ ఎప్పుడు రావాలో కూడా రాయండి. డబ్బు మీరు చెప్పిన రోజుకు కడితే గురువారం రాత్రి 8 గంటలకల్లా కీ రావాలి, ఆలస్యమై షో పోతే ఆ షో నష్టం ఆయనది. జనం గేటు తోసుకుంటున్నప్పుడు కీ కోసం ఫోన్లు చేసే టెన్షన్ ఎలా ఉంటుందో ఒకసారి అనుభవిస్తే మర్చిపోరు. క్యాంటీన్, పార్కింగ్, తెరమీద ప్రకటనల ఆదాయం మీదే అని కూడా ఉండాలి.

ఇప్పుడు మన వైపు తప్పులు. రిప్రజెంటేటివ్‌గా ఉన్న రోజుల్లో నా పని షో మొదలయ్యే ముందు టికెట్ పుస్తకం ఓపెనింగ్ నంబర్, అయ్యాక క్లోజింగ్ నంబర్ రాసుకోవడం, తర్వాత హాల్లోకి వెళ్లి తలలు లెక్కపెట్టడం. పుస్తకంలో 340, కుర్చీల్లో 410. ఎన్నిసార్లు చూశానో. చింపిన టికెట్ మళ్లీ కౌంటర్‌కు చేరడం కూడా చూశాను. డిస్ట్రిబ్యూటర్లు ఈ రోజుకీ పర్సంటేజీ అంటే భయపడి అద్దె వైపు మొగ్గడానికి ఆ పాత గాయం కూడా ఒక కారణం. పర్సంటేజీ కావాలంటే లెక్క తెరిచి చూపించాలి. కౌంటర్ టికెట్, ఆన్‌లైన్ టికెట్ ఒకే కంప్యూటర్ లెక్కలో ఉండాలి. ప్రతి షో అయిన గంటలోపు కలెక్షన్, రాత్రికి డీసీఆర్ (రోజువారీ కలెక్షన్ రిపోర్టు) ఆయనకు వెళ్లాలి. ఆయన మనిషి ఎప్పుడొచ్చినా లోపలికి రానివ్వాలి. వారం ముగిసిన మూడు రోజుల్లో వాటా ఆయన ఖాతాలో పడాలి. ఇవి మీరే ముందు ప్రతిపాదించండి. నేను ఇలా మొదలుపెట్టిన రెండేళ్లకు, అద్దె తప్ప మాట్లాడనివాళ్లు కూడా పర్సంటేజీకి వచ్చారు.

తగాదా వస్తే మధ్యవర్తి ఎవరన్నదానికి కాగితంలో ఒక గడి ఉంటుంది. "డిస్ట్రిబ్యూటర్ నియమించిన వ్యక్తి" అని ఉంటే కొట్టేయించండి. ఫలితంలో స్వార్థం ఉన్నవాడు తానొక్కడే మధ్యవర్తిని పెట్టడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరికీ ఇష్టమైన ఒక పెద్దమనిషి పేరు ముందే రాసుకోవడం మేలు.

"మన మధ్య కాగితాలెందుకు" అన్నదానికి నేనైతే ఇలా చేస్తాను. స్టాంపు పేపర్ తెమ్మని అడగను, అడిగితే ఆయనకు అవమానంగా అనిపిస్తుంది. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఒక మెయిల్ పంపిస్తాను: "అన్నగారూ, మనం అనుకున్నవి ఇవి: పద్ధతి, వారం వారం వాటా, నెట్ అంటే ఇది, అడ్వాన్స్ ఇంత, తిరిగి ఇచ్చే రోజు, ఊళ్లో తెరలు, హోల్డోవర్ అంకె, కీ వచ్చే సమయం. సరేనా?" ఆయన దగ్గర నుంచి "ఓకే" అని జవాబు వస్తే, కోర్టు ముందు పెట్టుకోవడానికి నా చేతిలో ఒక రాత ఉన్నట్టే. జవాబు రాకపోతే బ్యాంకుకు వెళ్లను. మీరూ ఆ మెయిల్ ఈ రోజే పంపండి, 5 లక్షలు జవాబు వచ్చాకే వేయండి. ఆయన ఏ మాట దగ్గర ఆగారో ఇక్కడ రాస్తే, దానికి ఏం చెప్పాలో చూద్దాం.